బెంగళూరు అయిదు పాలికెల అభ్యర్థులకు ఒక లెక్కల గుమస్తా రాసుకున్న బహిరంగ లేఖ

గౌరవనీయులైన అభ్యర్థులకు నమస్కారం.

బెంగళూరులో కొత్తగా ఏర్పడిన అయిదు నగర పాలికెల్లోని, అంటే నగర కార్పొరేషన్లలోని, 369 వార్డులకు పోటీ చేయబోతున్న మీ అందరికీ, ఏ పార్టీ వారికైనా, ఏ పార్టీ లేనివారికైనా, ఒకే లేఖ రాస్తున్నాను. నేను కృష్ణరాజపురంలో మెట్ల కింద ఉన్న ఒక చిన్న గదిలో కూర్చుని చిల్లర కొట్లకు లెక్కలు రాసి, లైసెన్సు దరఖాస్తులు నింపి బతుకుతున్నవాణ్ణి. ఈ పనిలో ఉండి 23 ఏళ్ళయింది. సొంత ఊరు మడకశిర పక్కన. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచీ పాలమూరు నుంచీ వచ్చి ఇక్కడే పిల్లల్ని చదివించుకుంటున్న తెలుగువాళ్ళు. కోలారు, ముళబాగిలు వైపు నుంచి వచ్చి, ఇంట్లో తెలుగూ వీధిలో కన్నడమూ మాట్లాడుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరి తరఫున మాట్లాడే అధికారం నాకు ఎవరూ ఇవ్వలేదు. కాకపోతే వాళ్ళ లెక్కల పుస్తకాలు నా బల్ల మీద ఉంటాయి కనుక, మీ హామీల్లో వాళ్ళకు పనికొచ్చేదేదో పనికిరానిదేదో చెప్పగలననుకుంటున్నాను.

ఈమధ్య నా బల్ల మీదికి మూడు కరపత్రాలు వచ్చాయి. ఒకదాంట్లో వార్డుకు వెయ్యి ఉద్యోగాలు అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఏ పని, ఎంత జీతం, ఆ జీతం ఎవరిస్తారు అన్న వివరం ఎక్కడా లేదు. రెండోదాంట్లో ఐటీ కంపెనీల్లో స్థానికులకే కొలువులు ఇప్పిస్తామని రాశారు. ప్రైవేటు కంపెనీల్లో స్థానికులకు మేనేజ్‌మెంటు ఉద్యోగాల్లో 50 శాతం, మిగతా ఉద్యోగాల్లో 70 శాతం ఇవ్వాలన్న బిల్లును 2024 జూలైలో రాష్ట్ర మంత్రివర్గమే ఆమోదించి, రోజుల వ్యవధిలో తానే పక్కన పెట్టింది. రాష్ట్ర ప్రభుత్వం ఎత్తి దించేసిన బరువును ఒక వార్డు కార్పొరేటరు ఎలా ఎత్తుతారో ఆ కరపత్రం చెప్పదు. మూడోది ఉగాది శుభాకాంక్షలతో పాటు తెలుగులోనే అచ్చువేయించారు. అందుకు సంతోషమే. అదే పాఠం ఫ్లెక్సీగా మా వీధి మొదట్లో కూడా కట్టారు, ఈ నగరంలో ఫ్లెక్సీలు కట్టడం నిషేధమన్న సంగతి ఆ అభ్యర్థికి గుర్తున్నట్టు లేదు.

నేను అడగదలచుకున్నది ఒక్కటే. మీరు గెలిస్తే మీ చేతిలో నిజంగా ఉండే పని ఏదో, దానిలో మీరు చేసేది ఏదో, అది మాత్రమే రాసివ్వండి. పాలికె కొత్తగా ఫ్యాక్టరీ కట్టదు, కంపెనీ పెట్టదు. కానీ ఇప్పటికే జనం తమంత తాము సంపాదించుకున్న పనులు నిలబడాలన్నా కూలిపోవాలన్నా, పాలికె ఇచ్చే ఒక కాగితం, చూపించే ఒక చోటు, సమయానికి చేసే ఒక చెల్లింపు మీద ఆధారపడి ఉంటాయి. నా అనుభవంలో ఒక కుటుంబం ఈ ఊరు వదిలి వెనక్కి పోవడానికి కారణం ఎక్కువసార్లు పని దొరక్కపోవడం కాదు, దొరికిన పనిని నిలబెట్టుకోలేకపోవడం.

రాజ్యాంగం కూడా ఈ బాధ్యతను మీకే ఇచ్చింది. 1992లో చేసిన 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో చేర్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. రోడ్లు, నీళ్ళు, దీపాల గురించి అందరికీ తెలుసు. ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక వేయడం మూడో అంశమనీ, పట్టణ పేదరిక నిర్మూలన పదకొండో అంశమనీ తెలిసిన అభ్యర్థి నాకు ఇంతవరకు తారసపడలేదు. అయిదేళ్ళ గడువు ముగిసేలోపే ఎన్నికలు జరగాలని కూడా అదే సవరణ చెబుతుంది. మన నగరంలో చివరిసారి పాలికె ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో. ఆ సభ గడువు 2020 సెప్టెంబరు 10న ముగిసింది. ఆ తర్వాత 198 వార్డులను 243 అన్నారు, 225 అన్నారు, చివరికి పాత పాలికెనే 2025 సెప్టెంబరులో అయిదు ముక్కలు చేశారు. ఇన్నేళ్ళూ మా వీధి సంగతి అడగడానికి మాకు ఎన్నికైన మనిషి లేడు. అందుచేత ఇప్పుడు వచ్చే సభ్యులను గట్టిగా అడిగే హక్కు మాకు ఉందనుకుంటాను.

ముందు తోపుడు బండ్ల సంగతి చెబుతాను, ఎందుకంటే నా దగ్గరకు కన్నీళ్ళతో వచ్చేవాళ్ళలో వీళ్ళే ఎక్కువ. కిందటి ఏడాది ఒక సాయంత్రం, బస్టాపు పక్కన మిరపకాయ బజ్జీలు వేసే ఒకావిడ బండిని లారీ ఎక్కించి తీసుకుపోయారు. మర్నాడు ఆవిడ నా గదికి వచ్చింది. కుడి ముంజేతి మీద నూనె చింది బొబ్బలు లేచి ఉన్నాయి. ఏమేమి తీసుకెళ్ళారో రాసి కాగితం ఇచ్చారా అని అడిగాను. "కాగితమా సార్, బాండ్లీ చల్లారేదాకా కూడా ఆగలేదు" అంది. పదకొండు రోజుల తర్వాత బండి తిరిగి వచ్చింది గానీ స్టవ్వూ జల్లెడ గరిటె రాలేదు. ఆ పదకొండు రోజులూ ఇల్లు గడవడానికి ఆవిడ తెచ్చిన అప్పును నేనే లెక్క కట్టాను. పొద్దున తొమ్మిది వందలు చేతికిచ్చి సాయంత్రం వెయ్యి తీసుకునే రకం అది. వందకు నెలకు ఇంత అని చెప్పుకునే వడ్డీ కాదు, రోజుకే నూరు రూపాయలు.

ఈ విషయంలో చట్టం చాలా స్పష్టంగా ఉంది. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సరుకు స్వాధీనం చేసుకుంటే ఏమేమి తీసుకున్నారో జాబితా రాసి సంతకంతో ఇవ్వాలి. పాడైపోయే సరుకును అడిగిన రోజే, పాడవని సరుకును రెండు పనిదినాల్లోపు తిరిగి ఇచ్చేయాలి. వేరే చోటికి పంపాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అయిదేళ్ళకోసారి సర్వే చేయాలి, సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ వ్యాపార కమిటీలో 40 శాతం మంది వీధి వ్యాపారులు తమలోంచి తాము ఎన్నుకున్నవాళ్ళే అయి ఉండాలి. తనంత తానుగా ఏర్పడి యాభై ఏళ్ళకు పైగా సాగుతున్న సంతను వారసత్వ సంతగా గుర్తించాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఇందులో ఏదీ కొత్తగా కనిపెట్టాల్సిన పథకం కాదు. పన్నెండేళ్ళ కిందటి చట్టాన్ని మీ వార్డులో అమలు చేయిస్తానని రాసిస్తే చాలు.

ఒక లెక్క మీకోసం వేశాను. వార్డు జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు కల్పించాలన్నది ఆ చట్టంలోని కొలత. 40 వేల జనాభా ఉన్న వార్డయితే అది సరిగ్గా వెయ్యి మంది. మొదటి కరపత్రంలోని వెయ్యి ఉద్యోగాలు నాకు కాగితం మీద కనబడింది ఈ ఒక్కచోటే. వాటికి మీరు పెట్టుబడి పెట్టనక్కర్లేదు, మనుషుల్ని వెతకనక్కర్లేదు. వాళ్ళు ఇప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు.

నడిచేవాళ్ళ మాట ఏమిటని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఫుట్‌పాత్ మీద బండ్లుంటే ఆవిడ రోడ్డు మీదికి దిగాల్సి వస్తుంది, వెనక నుంచి ఆటోవాడు హారను కొడతాడు. అందుచేత బండ్లన్నీ ఎక్కడపడితే అక్కడ ఉండాలని నేను అనను. ఏ రోడ్డులో వ్యాపారం ఉండవచ్చు, ఏ రోడ్డులో ఉండకూడదు, ఏ రోడ్డులో సాయంత్రం మాత్రమే ఉండవచ్చు అన్నది గీత గీసి, రంగు వేసి, అందరికీ కనబడేలా చెప్పాలి. గీత లేని చోట మామూళ్ళు పుడతాయి. ఆ మామూళ్ళ లెక్క కూడా నా దగ్గరకు వచ్చే పుస్తకాల్లో ఉంటుంది, "ఇతర ఖర్చులు" అన్న పేరుతో.

ఈ గుర్తింపు పత్రం విలువ చోటుతో ఆగిపోదు. 2020లో మొదలైన పీఎం స్వనిధి పథకంలో వీధి వ్యాపారికి హామీ ఏమీ లేకుండా బ్యాంకు అప్పు ఇస్తుంది. మొదట 10 వేల రూపాయలుగా ఉన్న తొలి అప్పును 2025లో 15 వేలకు పెంచారు, అది సక్రమంగా తీరిస్తే 25 వేలు, ఆ తర్వాత 50 వేలు. ఆ అప్పుకు దరఖాస్తు పెట్టాలంటే పాలికె ఇచ్చిన గుర్తింపు పత్రమో సిఫారసు లేఖో ఉండాలి. అంటే బ్యాంకు తలుపుకు ఉన్న తాళంచెవి పాలికె సొరుగులో ఉంది. బజ్జీల ఆవిడ రోజుకు నూరు రూపాయల వడ్డీ కట్టడానికీ, ఆ సొరుగు తెరవకపోవడానికీ నేరుగా సంబంధం ఉంది. మీ వార్డులో ఎంతమందికి ఆ లేఖ ఆరు నెలల్లో ఇప్పిస్తారో ఒక అంకె చెప్పండి. చిన్న అంకె అయినా ఫరవాలేదు, మేం లెక్కపెట్టుకుంటాం.

కొట్టు ఉన్నవాళ్ళ కష్టం వేరే రకం. మా వీధిలో ఒక టైలరమ్మ ఉంది. రెండు మిషన్లు, ఒక పీకో మిషను, దసరాకూ వరలక్ష్మీ వ్రతానికీ ముందు ఇద్దరు అమ్మాయిలను పనికి పెట్టుకుంటుంది. వ్యాపార లైసెన్సు తీసుకుంటే బ్యాంకు అప్పుతో ఇంకో మూడు మిషన్లు కొనవచ్చునని నేనే ప్రోత్సహించాను. దరఖాస్తుకు అద్దె ఒప్పందంతో పాటు భవనం పన్ను రసీదు కూడా జత చేయమన్నారు. ఇంటాయన రసీదు ఇవ్వనన్నాడు. కారణం అడగ్గా అడగ్గా బయటపడింది. ఆయన ఆ భవనం మొత్తాన్ని నివాసంగా చూపించి పన్ను కడుతున్నాడు. కింద కొట్టు ఉందని తెలిస్తే వాణిజ్య రేటు పడుతుంది. ఆయన పన్ను భయానికి ఈమె లైసెన్సు ఆగింది, లైసెన్సు లేక అప్పు ఆగింది, అప్పు లేక మూడు మిషన్లూ వాటి మీద కూర్చోవలసిన ముగ్గురు అమ్మాయిలూ ఆగిపోయారు. నేను నాలుగుసార్లు ఆఫీసుకు తిరిగాను. ప్రతిసారీ ఒక కొత్త కాగితం పేరు చెప్పారు తప్ప, అసలు చిక్కు ఎక్కడుందో వినడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

ఇది ఒక్క టైలరమ్మ కథ అయితే బహిరంగ లేఖలో రాయను. చిన్న వీధుల్లో కింద కొట్టు, పైన ఇల్లు ఉన్న భవనాలు మీ వార్డులో ఎన్ని ఉన్నాయో ప్రచారానికి తిరిగేటప్పుడు మీరే చూడండి. ఇంత చదరపు అడుగుల లోపు, ఇంతమంది లోపు పనివాళ్ళున్న, ప్రమాదం లేని వ్యాపారాలకు అద్దెదారుడు స్వయంగా ఇచ్చే హామీ పత్రంతోనే లైసెన్సు ఇచ్చి, యజమాని పన్ను సంగతి యజమానితోనే తేల్చుకునే పద్ధతి తీసుకురావాలని సభలో ప్రతిపాదిస్తారా? పన్ను ఎగవేతను నేను సమర్థించడం లేదు. ఒకరు కట్టవలసిన పన్నుకు ఇంకొకరి పని ఎందుకు తాకట్టు పడాలన్నది నా ప్రశ్న. బోర్డు మీద 60 శాతం కన్నడం ఉండాలన్న నిబంధన వచ్చినప్పుడు మావాళ్ళు చాలామంది వారంలోపే మార్చేశారు, టైలరమ్మ అయితే పెయింటరును పిలిచి మొత్తం బోర్డే కన్నడంలో రాయించుకుంది. ఏం చేయాలో స్పష్టంగా చెబితే జనం చేస్తారు.

కాగితమంటే చిన్న వ్యాపారికి ఎంత భయమో 2025 జూలైలో ఈ నగరమంతా చూసింది. యూపీఐ జమలను చూసి వాణిజ్య పన్నుల శాఖ చిన్న కొట్లకు నోటీసులు పంపితే, ఎన్నో కొట్లలో క్యూఆర్ కోడ్ మీద కాగితం అంటించి నగదు మాత్రమే అని రాసుకున్నారు. అది రాష్ట్ర ప్రభుత్వ శాఖ, పాలికె కాదు, పాత బకాయిలు అడగబోమని ఆ తర్వాత ప్రభుత్వమే చెప్పింది. అయినా ఆ నెలలో నా గదికి వచ్చినవాళ్ళలో సగంమందికి జీఎస్టీకి, వ్యాపార లైసెన్సుకు, ఆస్తి పన్నుకు తేడా తెలియదు. వార్డు ఆఫీసులో వారానికి ఒక్క పూట, వాళ్ళ భాషలో ఈ మూడింటి తేడా చెప్పే మనిషిని కూర్చోబెడితే నా గిరాకీ కొంత పోతుంది, పోనివ్వండి.

ఇక అడ్డా కూలీల సంగతి. తెల్లవారుజామున అయిదున్నరకు మా సర్కిలు దగ్గరికి ఒక్కసారి రండి, ప్రచారానికి కాదు, చూడ్డానికి. తాపీ సంచి ముందు పెట్టుకుని మేస్త్రీలు, పార చేతబట్టుకుని మట్టి పనివాళ్ళు, టిఫిన్ క్యారియరు కొంగులో చుట్టుకుని ఆడవాళ్ళు నిలబడి ఉంటారు. మినీ లారీ వచ్చి ఆగితే పదిమంది పరుగెడతారు, నలుగురు ఎక్కుతారు. ఎనిమిది దాటాక మిగిలినవాళ్ళు ఇంటికి పోతారు. అక్కడ తాగడానికి నీళ్ళు లేవు, వానొస్తే తలదాచుకోవడానికి చోటు లేదు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. ఈ నగరంలో లేచిన అపార్టుమెంట్లలో సెంట్రింగు కొట్టింది, ఇటుక మోసింది, పూత పూసింది వీళ్ళలాంటివాళ్ళే.

వీళ్ళకోసం డబ్బు లేదని ఎవరూ అనలేరు. నిర్మాణ ఖర్చులో 1 శాతం కార్మిక సెస్సుగా వసూలవుతుంది, ప్లాను మంజూరు చేసే స్థానిక సంస్థల దగ్గరే అది చాలావరకు కట్టించుకుంటారు. అక్కడి నుంచి అది కట్టడ కార్మికుల సంక్షేమ మండలికి వెళుతుంది. ఆ మండలి నుంచి పిల్లల చదువుకో, ప్రసవానికో, ప్రమాదానికో సాయం అందాలంటే కార్మికుడికి కార్డు ఉండాలి, కార్డు కావాలంటే గత పన్నెండు నెలల్లో 90 రోజులు పని చేసినట్టు ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. ఒక్కో రోజు ఒక్కో మేస్త్రీ దగ్గర పనిచేసేవాడికి ఎవరు సంతకం పెడతారు? అందుకే నిజంగా ఇటుక మోసినవాడికి కార్డు లేకపోవడం, జీవితంలో తాపీ పట్టనివాడి జేబులో కార్డు ఉండడం నేను ఒకే రోజు చూశాను. కార్డు ఇవ్వడం కార్మిక శాఖ పని, మీది కాదు. కానీ ఏ వార్డులో ఏ ఇంటికి ప్లాను మంజూరైందో పాలికెకు తెలుసు, అడ్డా ఎక్కడుందో మీకు తెలుసు. అడ్డా దగ్గర ఒక రేకుల షెడ్డు, నల్లా, మరుగుదొడ్డి కట్టించి, కార్మిక శాఖ వాళ్ళను నెలకోసారి అక్కడికే రప్పించి, వార్డు ఆఫీసు మనిషి చేత రోజువారీ హాజరు పుస్తకం ఉంచితే, ఆ 90 రోజుల చిక్కు చాలామందికి విడిపోతుంది. ఇందిరా క్యాంటీనులో అయిదు రూపాయలకు టిఫిను, పది రూపాయలకు భోజనం 2017 నుంచి దొరుకుతున్నాయి. వాటిలో ఒకటి అడ్డాకు నడిచిపోయేంత దూరంలో ఉండి, పనికి బయలుదేరే వేళకు తెరిచి ఉంటే ఎంత మేలో మీరే ఆలోచించండి.

పాలికె తానే యజమాని అయిన చోట దాని నడవడి ఎలా ఉందో చూడాలంటే వీధులు ఊడ్చేవాళ్ళను చూడాలి. ఈ నగరపు పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతోమంది, వాళ్ళలో ఎక్కువమంది దళితులు, ఎక్కువమంది ఆడవాళ్ళు. తాతల కాలంలో వచ్చినవాళ్ళున్నారు. ఏళ్ళ తరబడి కాంట్రాక్టర్ల కింద నలిగి, సమ్మెలు చేసి, చివరికి 2025 మే 1న 12,692 మంది శాశ్వత నియామక పత్రాలు అందుకున్నారు. మా పక్క సందులో ఉండే పెద్దమ్మ ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి దేవుడి పటం పక్కన పెట్టుకుంది. ఆ రోజు ఆవిడ నా చేత చదివించుకున్నది జీతం అంకె కాదు, తన పేరు. అక్షరాలు తప్పుపడలేదు కదా అని రెండుసార్లు అడిగింది.

అయితే ఆ జాబితాలో లేనివాళ్ళ మాట మీరు ఎత్తడం లేదు. చెత్త ఆటోలు నడిపే డ్రైవర్లు, సహాయకులు, లోడర్లు ఇంకా కాంట్రాక్టర్ల కిందే ఉన్నారు. ఒకే సందులో, ఒకే చెత్తతో, ఊడ్చే మనిషికి ఒక రకం భద్రత, మోసే మనిషికి ఇంకో రకం. జీతం ఏ తేదీన పడుతుందో తెలియకపోతే చిట్టీ కట్టలేరు, పిల్లల ఫీజుకు మాట ఇవ్వలేరు. కాంట్రాక్టరుకు పాలికె బిల్లు చెల్లించకపోయినా కార్మికుడి జీతం ఫలానా తేదీ దాటకుండా పడేలా కాంట్రాక్టులో షరతు పెట్టిస్తారా, పీఎఫ్ రసీదులు వార్డు కమిటీ ముందు పెట్టిస్తారా అన్నది నా ప్రశ్న. పాత అట్టలు, సీసాలు ఏరుకునేవాళ్ళకు గుర్తింపు కార్డులిచ్చిన నగరం మనది, వార్డుల్లో పొడి చెత్త కేంద్రాలను వాళ్ళలో కొందరి చేతికే అప్పగించిన నగరం. టెండర్ల పేరుతో ఆ కేంద్రాలు పెద్ద కంపెనీల చేతికి పోకుండా చూడటం కూడా ఉపాధి విధానమే.

ఆడవాళ్ళ పని గురించి కరపత్రాల్లో కుట్టు మిషను బొమ్మ తప్ప ఇంకేమీ కనబడదు. సగం వార్డులు మహిళలకు కేటాయించినవే కనుక అభ్యర్థుల్లో ఎంతోమంది ఆడవాళ్ళున్నారు, వాళ్ళకు నేను చెప్పేదేముంది. 2023 జూన్ నుంచి బస్సు టికెట్టు ఖర్చు ఆడవాళ్ళకు తప్పింది, గార్మెంట్స్‌కు పోయే అమ్మాయిలకు నెలకు మిగిలే సొమ్ము నా లెక్కల్లో కనబడుతుంది. కానీ బస్సు దిగి ఇంటికి చేరే అర కిలోమీటరు పాలికెది. వీధి దీపం వెలగని సందు వల్ల రాత్రి షిఫ్టు వద్దనుకున్న అమ్మాయిని నేనెరుగుదును, ఆ దీపం పేరుతో ఆమె కోల్పోయింది నెలకు రెండున్నర వేలు. కూలికి పోయే తల్లి బిడ్డను ఎవరి దగ్గర వదలాలి అన్నది ఇంకొకటి. వార్డుకు ఒక్క శిశు సంరక్షణ కేంద్రం ఉదయం ఏడింటి నుంచి తెరిచి ఉంటే, కుట్టు మిషన్లు పంచినదానికంటే ఎక్కువమంది పనికి వెళ్ళగలుగుతారని నా నమ్మకం.

డబ్బెక్కడిది అంటారా? కర్ణాటకలో పట్టణ సంస్థలు తమ నిధుల్లో 24.10 శాతం షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమానికి, 7.25 శాతం ఇతర పేదల సంక్షేమానికి విడిగా ఉంచాలి. అది దేనికి ఖర్చవుతోందో వార్డు ప్రజల ముందు ఏడాదికోసారి చదివి వినిపిస్తానని మీలో ఎవరైనా రాసిస్తారా? ఆ సొమ్ముతో రోడ్డేసి, ఆ రోడ్డు మీద పేదలూ నడుస్తారు కదా అని సరిపెట్టే లెక్కలు మేం విననివి కావు.

ఐటీ గురించి నేను పెద్దగా చెప్పను. మహదేవపుర, కృష్ణరాజపురం ఉన్న మా తూర్పు పాలికెకు పన్ను ఆదాయం బాగానే వస్తుంది, ఆ కంపెనీలు రావడం పోవడం కార్పొరేటరు చేతిలో లేదు. 2020లో ఆఫీసులు మూసి అందరూ ఇళ్ళకు పోయినప్పుడు మాత్రం మారతహళ్ళి చుట్టుపక్కల పీజీ హాస్టళ్ళు, ఆంధ్ర మెస్సులు ఎలా ఖాళీ అయ్యాయో నేను పుస్తకాల్లో చూశాను. వంటమాస్టర్లు, సర్వర్లు, ఇస్త్రీవాళ్ళు, పాలవాళ్ళు, అందరి పద్దులూ ఒకే నెలలో ఆగిపోయాయి. ఐటీ ఉద్యోగం మీరు ఇప్పించనక్కర్లేదు. దాని నీడలో బతికే ఈ పదిమంది జాబితా మాత్రం మీ వార్డు ఆఫీసులో ఉండాలి, మళ్ళీ అలాంటి రోజు వస్తే ఎవరికి బియ్యం అందాలో వెతుక్కోకుండా.

ఒక నిజం మా వైపు నుంచి కూడా ఒప్పుకోవాలి. ఇక్కడ ఇరవై ఏళ్ళుగా ఉంటూ ఓటు మాత్రం ఊళ్ళోనే ఉంచుకున్నవాళ్ళు మావాళ్ళలో చాలామంది ఉన్నారు. పండగకూ ఓటుకూ ఊరికి పోవడం ఒకటే అనుకుంటారు. ఆ సంగతి తెలిసే మీరు మా సందులోకి ఆలస్యంగా వస్తారు. నా దగ్గరకు లెక్కలకు వచ్చే ప్రతివారినీ ఇక్కడి జాబితాలో పేరు ఉందా అని ఇప్పుడు అడుగుతున్నాను. లేనివాళ్ళకు ఫారం నింపి పెడుతున్నాను, దానికి డబ్బు తీసుకోవడం లేదు.

మీ జవాబు ఒక పేజీ అయితే చాలు. వీధి వ్యాపారుల సర్వే, సిఫారసు లేఖలు, అద్దె కొట్ల లైసెన్సు, అడ్డా షెడ్డు, చెత్త ఆటో కార్మికుల జీతం తేదీ, శిశు సంరక్షణ కేంద్రం, ఈ ఆరింటిలో మీరు దేన్ని ఎప్పటిలోగా చేయగలరో, దేన్ని చేయలేరో రాయండి. చేయలేనిది చేయలేనని రాసినవారిని మేం తక్కువగా చూడం. కన్నడంలో రాసినా ఇబ్బంది లేదు, చదివి చెప్పడానికి మా అమ్మాయి ఉంది, దాని చదువంతా ఇక్కడే. వచ్చిన జవాబులను వచ్చిన వరుసలో, ఒక్క అక్షరం మార్చకుండా, నా గది బయట గోడకు అంటిస్తాను. జవాబు రాని అభ్యర్థి పేరు ఎదురుగా కాగితం ఖాళీగా వదిలేస్తాను. టైలరమ్మ గమ్ము డబ్బా ఇస్తానంది.

ఇట్లు,
కృష్ణరాజపురం నుంచి,
ఒక లెక్కల గుమస్తా